మరగబెట్టిన నీళ్లు

యాదయ్య తెచ్చిన గంపను వాకిట్ల బోర్లేసిండు. పది పన్నెండు మామిడికాయలు దొర్లుకుంట పోయి, గడపల కూసున్న దయానందం తల్లి, ముసలి మారెమ్మ కాళ్ల కాడ ఆగినయి. ప్రతి కాయకు తొడిమె చుట్టు నల్లటి మచ్చ. మచ్చ మీద బూడిద రంగు బూజు.

"చూస్కో," అన్నడు యాదయ్య. "నాయి ఇరవై రెండు గంపలు, బాలప్పయి పద్దెనిమిది. కొట్టంల అడుగు వెడితే వాసనకు కడుపుల దేవుతున్నది."

దయానందం ఒక కాయ తీసుకొని బొటనవేలు ఆనిచ్చిండు. వేలు లోపటికి పోయింది. లుంగీకి తుడుచుకొని ఇంకో కాయ తీసుకున్నడు. పోయిన బుధవారం ఈ మనిషే గద ఊరందరి ముందు చెప్పింది, లారీలు బందువెట్టినా ఫికర్ చెయ్యకుర్రి, మీ కాయలు ఇరవై రోజులు నిలవెట్టి చూపిస్త అని. ఆరు రోజులే అయింది.

"పిసికి చూస్తె సరిపాయెనా తమ్మీ? నోరు తెరువు."

"తెరిచి ఏం చెప్పాలె యాదయ్యన్నా. నాకే సమజైతలేదు."

వంటింటి తలుపు ఎనక దయానందం పెండ్లాం ప్రేమమ్మ నిలవడ్డది. యాదయ్యకు మంచినీళ్లియ్యనీకె చెంబు పట్టుకొని లేసిన మనిషి ఆడ్నే ఆగిపోయింది. ఆ కాయలు ఎందుకు చెడినయో ముడిమ్యాల మొత్తంల ఎరుకున్నది ఆమె ఒక్కదానికే.

"సరే, నీకు సమజైతలేదు. నాకొకటి చెప్పు," అన్నడు యాదయ్య, ఇంటి పక్క సాయబాను పంచ దిక్కు చెయ్యి చూపెట్టి. "నీ ఆరు గంపలు ఎట్లున్నయి?"

దయానందం ఆ దిక్కు చూసిండు.

"వచ్చేటప్పుడు చూసిన తమ్మీ. గడ్డి జరిపి చూసిన. ఒక్క మచ్చ లేదు. నిగనిగ మెరుస్తున్నయి. మీ కాయలకేమో మంచి నీళ్లు, మా కాయలకేమో గివి?"

"కాయలు ముంచిన రెండు కుండల నీళ్లు ఒక్క సీసలకెళ్లే చేసిన అన్నా. మంచిగైతదో లేదో అని మొదటి కుండ నా కాయల మీదనే ఏసి చూసిన. అవి నిలిచినయి. అందుకే ధైర్యంగ రెండో కుండ మీ కాయలకేసిన. బైబిలు ముట్టి చెప్పమన్నా చెప్త."

అబద్ధమాడే మొకం కాదు దయానందానిది. యాదయ్యకు సుత అది ఎరుకే. అందుకే కోపం సగం మింగి, గంప నిలవెట్టి, కాయలు ఏరుకునుడు మొదలువెట్టిండు. అంతట్ల తడక జరిపి బాలప్ప లోపటికొచ్చిండు.

"మీకిద్దరికి సమజైతలేదు గని, నాకు మంచిగ సమజైంది," అన్నడు బాలప్ప.

బాలప్ప మొదటి నుంచి గట్టి మాటల మనిషేం కాదు. నెల కింద పట్నంల తెలంగాణ జులూసు మీద పోలీసులు తుపాకులు పేల్చినప్పుడు ఆయన అక్క కొడుకు తొడల తూటా దిగింది. ఇప్పటికీ దవాఖాన మంచం దిగలేదు. ఆ దినం నుంచి బాలప్ప ఏ ముచ్చట పట్టుకున్నా అది ఒక్క కాడికే వచ్చి ఆగుతున్నది.

"ఆ పురుగుల సీస నీకు ఎవరిచ్చిర్రు దయానందం?"

"మా సారు ఇచ్చిండు. రామచంద్రయ్య సారు."

"ఏ దిక్కు మనిషి?"

"గోదావరి దిక్కు. అయితేంది బాలప్పన్నా, కండ్లకు కనవడని పురుగుకు ఆంధ్ర, తెలంగాణ ఉంటదా?"

"దానికుండదు. పంపినోనికుంటది."

మిరుగు కార్తె దగ్గరికొచ్చిందని మొయిలు కమ్ముకొస్తున్నది. గాలి లేదు, ఉక్కపోత. బూజుకు గిసుంటి కాలమే కావాలె.

"ఇయ్యాల వస్తున్నడంట గద నీ సారు, కాయలు చూడనీకె," అన్నడు బాలప్ప నెమ్మదిగ. "రానీ. ఊరి మొదట్ల తొవ్వ కింది మోరి కాడ కూసుంటం. మేమే ఎదురుపోయి తోలుకొస్తం."

ఆ తోలుకొచ్చుడు ఎసుంటిదో ఆయన చేతిల కట్టె చూస్తెనే తెలుస్తున్నది. బాలప్ప పోయిండు. ఎనకనే యాదయ్య పోయిండు, పోవుకుంట ఒక్కసారి మర్లి చూసిండు. చెంబుల నీళ్లు చెంబులనే ఉన్నయి.

పోయిన నెలల దయానందం ఆ సీసను అంగీ జేబుల పెట్టుకొని, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చిండు. పట్నం అవతల లాబరేటరీల ఆయన అటెండరు. సీసలు కడుగుడే పని. కడిగి కడిగి అండ్ల ఏముంటదో తెలుసుకున్నడు. పండ్ల మీద బతికే ఒక మంచి బాక్టీరియాను రామచంద్రయ్య సారు మూడేండ్లు ఎంటవడి పట్టిండంట. గంజిల జర బెల్లం కలిపి, అండ్ల ఆ సీస నీళ్లు పోసి మూడు రోజులు నీడకు పెడితె అది లక్షలు కోట్లయి పెరుగుతది. ఆ గంజిని నీళ్లల్ల కలిపి, కాయలు ముంచి, ఆరవెట్టి గడ్డిల దాచుడే. ఊరోళ్లకు దయానందం తన తీరుగ చెప్పిండు.

"చేవెళ్ల బస్సుల మనం ఏం జేస్తం? కిటికీలకెళ్లి తువ్వాల ఏసి సీటు పడ్తం. ఎనకొచ్చినోడు నిలవడాలె. గిదీ గంతే. ఈ మంచి పురుగు కాయ తోలు మీద ముందుగాల జాగ పట్టుకుంటది. బూజు వచ్చెటాళ్లకు కూసోనీకె సందుండది."

అందరు నవ్విర్రు. నవ్వినంక నమ్మిర్రు. నమ్మకపోతె ఏం జేస్తరు? కాయ తెంపిన తెల్లారే మొయినాబాద్ కాడ తొవ్వకు అడ్డంగ చెట్లు నరికేసిర్రు, గండిపేట కాడ లారీలాగిపోయినయి. తెంపిన కాయను మల్ల చెట్టుకు అతికించెటట్టు లేదు గద.

ఇగ బుధవారం పొద్దుగాల సంగతి. దయానందం యాదయ్య కొట్టం ఊడ్చనీకె పోయిండు. ఇంట్ల రెండో కుండ మూత తీసి చూసింది ప్రేమమ్మ. పైన మీగడ లెక్క పొర కట్టింది. వాసన పులిసిపోయింది.

పదేండ్లు మిషన్ దవాఖానల ఆయాగ చేసిన చెయ్యి ఆమెది. సూదులు మరగబెట్టిన చెయ్యి, కత్తెరలు మరగబెట్టిన చెయ్యి. పొర కట్టిన నీళ్లు అంటె ఆమెకు గత్తర, గా కలరా రోగం, యాదికొస్తది, వరుసగ పండుకున్న పిల్లలు యాదికొస్తరు. గీ నీళ్లల్ల ముంచిన కాయను రేపు ఎవరి బిడ్డో కొరుకుతది గద అనుకున్నది. ఇంటాయనేమో ఎవ్వరు ముట్టద్దని చెప్పి పోయిండు. ముట్టుడు వేరు, సాఫ్ చేసుడు వేరు అనుకున్నది. పెద్ద కాగుల పోసి, కుతకుత ఉడికేదాక మంట పెట్టి, పైనున్న పొర తీసిపారేసి, సల్లారినంక మల్ల కుండల పోసింది. మొగడు వచ్చి వాసన చూసి, "ఇయ్యాల వాసన తక్కువున్నదే," అన్నడు. "మూత తీసి పెట్టిన," అన్నది. గంతే. గా ఒక్క మాటనే అబద్ధం.

యాదయ్య కాయలకు మచ్చలు వచ్చినయని నిన్న వినంగనే ఆమెకు సంగతి సమజైంది. మరగబెడితె పురుగు చస్తది. ఆ ముచ్చట ఆమె కంటె ఎక్కువ ఎవ్వరికి ఎరుక?

మధ్యాహ్నం మోషే వచ్చిండు. దయానందం తమ్ముడు, చేవెళ్ల తాలూకాఫీసుల గుమాస్తా, సమ్మెల ఉన్నడు. చెప్పులు ఇడవకుంటనే అన్న ముందటికొచ్చి నిలవడ్డడు.

"అన్నా, మోరి కాడ ఇరవై మంది దాక కూసున్నరు. కట్టెలున్నయి."

"ఎరుకే. సారు ఇయ్యాల వస్తడని వాళ్లకెవరు చెప్పిర్రు? ఉత్తరం మన ఇంటికే గద వచ్చింది."

మోషే చెయ్యి మెడ మీదికి పోయింది. "మీటింగుల మాట మీద మాట వచ్చింది. మా అన్న కాడికి ఒక సారు వస్తున్నడు, ఆయన అసుంటోడు కాదు, రైతుల కోసం చేస్తున్నడు అని మంచిగనే చెప్పిన."

"మంచిగనే చెప్పినవ్."

"నేను కొట్లాడేది కొలువుల కోసం అన్నా. మన కొలువులు మనకు రావాలని. గిట్ల ఒక మనిషిని పట్టుకొని కొట్టుడు కోసం కాదు."

"గది నాకెందుకు చెప్తవ్? మోరి కాడికి పోయి చెప్పు."

"చెప్పిన. ఆంధ్రోని ఉప్పు తిన్నోని తమ్మునివి, నువ్వు పక్కకు జరుగు అన్నరు."

మోషే మీటింగుల మాట్లాడితె మైకు అవసరం ఉండదు. ఇప్పుడు గొంతు సగం పోయింది. దయానందం లేసి అంగీ తొడుక్కున్నడు.

"రైలుకు వస్త అని రాసిండు. నేను చెలకల మీదికెళ్లి శంకర్‌పల్లి స్టేషనుకు పోత. ఆడికెళ్లి ఆడికే మర్లి పొమ్మంట. మోషే, నువ్వు సుత రా. ఇద్దరముంటె మంచిది."

ప్రేమమ్మ తలుపు ఎనకకెళ్లి బయటికొచ్చింది. "ఇగో, జర ఆగు. ఒక్క మాట చెప్పాలె."

"వచ్చినంక చెప్పు ప్రేమా. రైలు నాలుగింటికి."

"కాయల సంగతి."

"కాయలు పోయినయి. మనిషి పోవద్దు ఇప్పుడు."

అన్నదమ్ములిద్దరు పెరటి దిక్కుకెళ్లి దిగిపోయిర్రు. ఆయనను అంగీ పట్టి గుంజి అయినా చెప్పాల్సింది. చెప్పలేదు.

కాళ్ల కాడి కాయలను మారెమ్మ ఒక్కొక్కటి ఏరి పక్కకు పెడుతున్నది. ముసలామెకు కండ్లు మసక గని చెవులు మంచిగున్నయి.

"ఏం చెప్పవోయినవ్ బిడ్డా?"

ప్రేమమ్మ అత్త ముందట కూలవడ్డది. మొత్తం చెప్పింది. కాగు, మంట, పొర, మూత తీసి పెట్టిన అన్న అబద్ధం. చెప్తుంటె ఏడ్పు రాలేదు. అదే ఆమెకు ఇంక భయమైంది.

మారెమ్మ చెయ్యి సాపి కోడలి నెత్తి మీద పెట్టింది. ఓదారుస్తదేమో అనుకున్నది ప్రేమమ్మ.

"గీ ముచ్చట నీ నోట్లకెళ్లి బయటికి రావద్దు," అన్నది మారెమ్మ.

"అత్తమ్మా, మోరి కాడ కట్టెలు పట్టుకొని కూసున్నరు."

"కూసోనీ. ఆ సారు వచ్చెటోడు, పొయ్యెటోడు. మనం ఈడ్నే ఉండాలె. రేపు వాళ్ల బాయిల నీళ్లు చేదుకోవాలె, వాళ్ల చెలకల కైకిలికి, కూలి పనికి పోవాలె. నువ్వు చేసినవని తెలిస్తె మన ఇంటిని బతకనిస్తరా? నీ మొగడు నీ మొకం చూస్తడా?"

"ఆయన ఏ తప్పు చెయ్యలేదు. సారు ఏ తప్పు చెయ్యలేదు."

"తప్పు చెయ్యనోళ్లు దెబ్బలు తినుడు నేను పుట్టినకాడికెళ్లి చూస్తున్న. మన ఇంటి మీదికి రావద్దు, గంతే. ఇద్దరు పోయిర్రు గద, స్టేషన్లనే ఆపుతరు. నువ్వు పొయ్యి అంటుపెట్టు."

అత్త మాట తీసేసేది కాదు. అండ్ల ప్రేమ ఉన్నది, భయమున్నది, డెబ్బై ఏండ్ల బతుకున్నది. ప్రేమమ్మ లేసి పొయ్యి కాడికి పోయింది. పుల్లలు పేర్చింది. అగ్గిపెట్టె చేతిలకు తీసుకొని అట్లనే కూసున్నది.

మూడు దాటినంక ఊరి దిక్కుకెళ్లి ఎవరో అరిచిర్రు. యాదయ్య పెండ్లాం జంగమ్మ తడక మీదికెళ్లి తల పెట్టి, రొప్పుకుంట చెప్పింది.

"ఏయ్ ప్రేమమ్మా, మీ మొగడు రైలు కాడికి పోయిండంటనే? ఇయ్యాల రైలు లేదు. పట్టాల మీద కూసున్నరంట. ఆ సారు మొయినాబాద్ దాక పాల వ్యానుల వచ్చి, ఆడికెళ్లి కిరాయి సైకిల్ తీసుకున్నడంట. చేవెళ్ల దాటిండని ఎవరో వచ్చి చెప్పిర్రు. తొవ్వ మీదికెళ్లే వస్తున్నడు."

ప్రేమమ్మ అగ్గిపెట్టె ఆడ్నే ఇడిచిపెట్టింది. మారెమ్మ గడపల కూసొని చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి మీదికెళ్లి దాటిపోయింది కోడలు. పెండ్లయిన పన్నెండేండ్లల్ల అత్త చెయ్యి దాటుడు అదే మొదలు.

మోరి గట్టు మీద వరుసగ కూసున్నరు మొగోళ్లు. బీడీల పొగ కదలక ఆడ్నే నిలిచింది. కొసకు యాదయ్య కూసున్నడు, చేతుల కట్టె లేదు. ప్రేమమ్మ పోయి వాళ్ల ముందట నిలవడ్డది. కొంగు నిండ కప్పుకున్నది.

"సారుది తప్పు లేదు. మా ఇంటాయనది తప్పు లేదు. మీ కాయలను పాడు చేసింది నేను."

బాలప్ప బీడీ కింద పారేసిండు.

"ఏం జేసినవ్?"

"ఆ కుండల నీళ్లు మరగబెట్టిన. అండ్ల మంచి పురుగు ఉంటది. బూజును రానియ్యనిది అదే. నాకు తెల్వక వాసనొస్తున్నదని మరగబెట్టిన. అది చచ్చింది. చచ్చిన నీళ్లల్ల మీ కాయలు ముంచిర్రు. మా ఆరు గంపలకు మరగబెట్టని కుండ ఏసిర్రు, అందుకే అవి నిలిచినయి. సీసలనే విషముంటె ముందుగాల మా కాయలే పోవాలె గద."

ఒకలి మొకం ఒకలు చూసుకున్నరు. యాదయ్య నిలవడ్డడు. ఆయన నోరు తెరిచెటాళ్లకు, ఎనకనే ఉరికొచ్చిన జంగమ్మ అందుకున్నది.

"ప్రేమమ్మా, ఏం మాటలే అవి? నీళ్లు మరగబెడితె కాయ మురుగుతదా?"

"గా నీళ్లు వేరు జంగమ్మక్కా."

"నీళ్లు నీళ్లే. గత్తర వచ్చిన ఏడు మా ఇంట్లకొచ్చి పొయ్యి కాడ కూసొని చెప్పలే నువ్వు? మరగబెట్టని నీళ్లు విషం, మరగబెడితె ఏ రోగం రాదు అని. నా చిన్నది బతికిందే గా మాట మీద. ఈ ఊర్లె ప్రతి ఇంట్ల నీ మాట మీద నీళ్లు కాగుతున్నయి. ఇప్పుడొచ్చి మరగబెట్టినందుకే మా కాయలు పోయినయంటవా?"

జంగమ్మ కోపంతోని అనలేదు. నమ్మకంతోని అన్నది. గదే ప్రేమమ్మ నెత్తి మీద బండ లెక్క పడ్డది. పదేండ్లు ఇల్లిల్లు తిరిగి, చెప్పులరిగేదాక తిరిగి, తను కట్టిన నమ్మకమే ఇప్పుడు ఎదురుంగ గోడ లెక్క నిలవడ్డది.

"మొగన్ని కాపాడుకోనీకె చెప్తున్నది," అన్నరు ఎవరో ఎనకకెళ్లి.

"కాదు, ఆంధ్రోన్ని కాపాడనీకె. ఇంట్ల నేర్పి తోలిర్రు."

"నా బిడ్డల మీద ఒట్టు. నేను నిజం చెప్తున్న."

బాలప్ప చెయ్యెత్తిండు. ఆయన మొకంల కోపం లేదు, అది ఉన్నా మంచిగుండేది.

"లొల్లి ఎందుకు? సారునే అడుగుదం. ఆ నీళ్లు మరగబెడితె ఏమైతదని ఒక్క మాట అడుగుదం. అది ఏం కాదు అన్నడనుకో, ప్రేమమ్మ అబద్ధమాడినట్టు. పురుగు చస్తది, కాయ పోతది అన్నడనుకో, ఇద్దరు ముందుగాలనే మాట్లాడుకున్నట్టు. ఏమంటరు?"

ముందు నుయ్యి, ఎనక గొయ్యి. ప్రేమమ్మకు అది తెలిసింది. ఇంక ఏం చెప్పినా అది ఆ రెండిట్ల ఏదో ఒక దాంట్లనే పడ్తది.

తొవ్వ మలుపు కాడ సైకిల్ కనవడ్డది. తెల్లంగి, చంకల సంచి, నెత్తి మీద రుమాలు. ముప్పై మైళ్ల తొవ్వ మీద ఎక్కడెక్కడ ఆగి ఎన్ని అడ్డంకులు దాటొచ్చిండో, మనిషి మొకం దుమ్ము కొట్టుకపోయింది. ఇంత మంది గుంపు చూసి సారు నవ్విండు. తన కోసం ఊరు ఎదురొచ్చిందనుకున్నడు పాపం.

సైకిల్ దిగిండు. ప్రేమమ్మను గుర్తువట్టి దండం పెట్టిండు. "బాగున్నారా అమ్మా? దయానందం ఏడీ? కాయలెలా ఉన్నాయి?"

ఆ యాస వినంగనే మోరి గట్టు మీద మిగిలినోళ్లు సుత లేసి నిలవడ్డరు. యాదయ్య ముందటికి పోయి, పెద్దమనిషికి సాయం పట్టినట్టు, సైకిల్ హ్యాండిల్ అందుకున్నడు.

"సారూ," అన్నడు బాలప్ప, శానా మర్యాదగ. "ఒక్క మాట చెప్పుర్రి. మీరిచ్చిన గంజి నీళ్లను పొయ్యి మీద పెట్టి మరగబెడితె ఏమైతది?"

ప్రేమమ్మ తల అడ్డం ఊపింది. సారు ఆమె దిక్కు చూసిండు. ఎందుకు వద్దంటున్నదో ఆయనకు సమజు కాలేదు. ఎవరన్న తెల్వక చేసిర్రేమో, పాపం భయపడుతున్నది అనుకున్నడు. చెప్పనీకె మూడేండ్ల సంది ఎదురుచూస్తున్న మనిషి, అడిగినోడు రైతు, చెప్పకుంట ఎట్లుంటడు?

"మరగబెడితే ఇంకేముందండీ," అన్నడు రామచంద్రయ్య నవ్వుకుంట, రుమాలుతోని మొకం తుడుచుకుంట. "ఒక్కటీ బతకదు. ఆ నీళ్లలో ముంచిన కాయలు వారం తిరక్కుండానే బూజు పట్టేస్తాయి. అదే చెప్పిందా ఈ అమ్మ?"

బాలప్ప గుంపు దిక్కు మర్లి, "విన్నరు గద," అన్నడు.

సారు నవ్వు మెల్లగ ఆగింది. ఆయన సైకిల్ కోసం చెయ్యి సాపిండు. యాదయ్య హ్యాండిల్ ఇడవలేదు.